ముందు చక్రానికే ఏబీఎస్ ఉన్న బండి: చీమకుర్తి రోడ్డు మీద నాలుగేళ్లు వాడాక

ఒంగోలు నుంచి చీమకుర్తికి రోజూ ఉద్యోగానికి 150 సీసీ బండి మీద వెళ్లొస్తాను. కొని నాలుగేళ్లు దాటింది. రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులే గానీ, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం లాకై, అంటే తిరగడం ఆగిపోయి, జారకుండా చూసే ఏర్పాటు) మాత్రం ముందు చక్రానికే. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ తరహా బళ్లన్నిటికీ ఇదే వర్తిస్తుంది. మైలేజీ, సీటు, పికప్ బాగానే ఉన్నాయి. చెప్పాల్సింది బ్రేకుల గురించే.

నేను వెళ్లే ఈ కర్నూలు రోడ్డు తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. గ్రానైట్ రాళ్లేసుకుని వెళ్లే లారీలు, చెయ్యెత్తిన చోటల్లా ఆగే షేర్ ఆటోలు. మొన్న వేసవిలో ఒక సాయంత్రం సంతనూతలపాడు దాటి ఒంగోలు వైపు వస్తున్నాను. స్పీడు యాభై ఉంటుంది. రోడ్డు పక్కన ఒకావిడ చెయ్యెత్తింది. నా ముందున్న ఆటో మార్జిన్లోకి కూడా దిగకుండా ఉన్నచోటే ఆగిపోయింది. కుడిపక్క లారీ, ఎడమపక్క మనుషులు. తప్పించుకునే సందు లేదు.

ముందు బ్రేకు గట్టిగా నొక్కి పట్టాను, కాలితో వెనక బ్రేకూ తొక్కాను. లివరు వేళ్ల కింద టకటకా కొట్టుకుంది. ఫోర్కులు కిందికి దిగాయి గానీ ముందు టైరు జారలేదు, హ్యాండిల్ అదుపులోనే ఉంది. వెనక చక్రం మాత్రం లాకై కీచుమంటూ పక్కకి లాగింది. కాలు కాస్త వదులు చేయగానే సర్దుకుంది. ఆటో వెనక కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న ఆడకూలీల మోకాళ్లకి మూరెడు దూరంలో ఆగాను. "దెబ్బేం తగల్లేదు కదన్నా?" అంటూ ఆటో అతను దిగొచ్చాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

"ముందు బ్రేకు పట్టావంటే ఎగిరి పడతావురా" అని మా మావయ్య ఇప్పటికీ అంటాడు. ఆ భయం చాలామందికి ఉంది. కానీ బ్రేకు వేయగానే బరువంతా ముందుకొస్తుంది, బండిని నిజంగా ఆపేది ముందు చక్రమే. అది లాకైతేనే పడతాం. చక్రం లాకవబోతోందని సెన్సర్ కనిపెట్టగానే ఏబీఎస్ ఒత్తిడి క్షణంపాటు వదిలి మళ్లీ పడుతుంది, సెకనులోనే చాలాసార్లు. అందుకే లివరు కొట్టుకుంటుంది. అప్పుడు ఉలిక్కిపడి వదిలేస్తే అంతా వృథా. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసుకుని ముప్పై స్పీడులో నొక్కి చూడండి, చేతికి అలవాటవుతుంది.

ఒకటి మాత్రం ఏ ఏబీఎస్సూ చేయలేదు. యాభై స్పీడంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. చెయ్యి లివరు మీదికి వెళ్లేలోపే ఆ దూరం గడిచిపోవచ్చు. ట్రాఫిక్‌లో రెండు వేళ్లు ఎప్పుడూ లివరు మీదే ఉంచుతాను, ఆటో వెనకైతే మరీను.

గ్రానైట్ ఫ్యాక్టరీల మలుపుల్లో రాతిపొడి పేరుకుని ఉంటుంది, వాన పడితే అదే బురద. అక్కడ ఏబీఎస్ ముందు చక్రం జారకుండా చూస్తుంది గానీ బండి తొందరగా ఆగదు, ముందే స్పీడు తగ్గించుకోవాలి. ఆ పొడి వల్లే ఒకసారి ఏబీఎస్ లైటు ఆరలేదు. మెకానిక్ చక్రం దగ్గరున్న సెన్సర్ తుడవగానే సరిపోయింది. తాళం తిప్పగానే ఆ లైటు వెలగాలి, బండి కదిలాక ఆరాలి. ఆరకపోతే మామూలు బ్రేకులే ఉన్నట్టు, అది గుర్తుపెట్టుకుని నడపండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్పించాలి. అది తేమని పీల్చుకుంటుంది, పాతబడితే బ్రేకు మెత్తబడుతుంది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు బండి ఏ సంవత్సరందో చూడండి. 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచే. కొత్తది కొంటుంటే, కాస్త ఎక్కువైనా రెండు చక్రాలకీ ఏబీఎస్ ఉన్నదే తీసుకోండి. వెనక చక్రం అలా పక్కకి లాగినప్పుడు తడి రోడ్డయితే ఏమయ్యేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. నా బండి మాత్రం అమ్మను. వెనక టైరు అరిగింది, వానలు మొదలవకముందే మార్పిస్తున్నాను.