హెచ్చరిక: చిన్న విమానంలో నావిగేషన్‌కు వై-ఫై ఐప్యాడ్ కొనకండి

చిన్న విమానాలు నడిపేవాళ్లు పదే పదే మోసపోతున్న కొనుగోలు ఇది. నావిగేషన్ యాప్ వేసుకోవడానికి ఐప్యాడ్ చూస్తున్నారా, పెట్టె మీద ‘వై-ఫై’ అని మాత్రమే రాసి ఉందా, అయితే డబ్బు బయటికి తీయకండి. వై-ఫై మాత్రమే ఉన్న ఏ ఐప్యాడ్‌లోనూ జీపీఎస్ చిప్ ఉండదు. మినీ అయినా, ఎయిర్ అయినా, అన్నిటికంటే ఖరీదైన ప్రో అయినా అంతే. ‘వై-ఫై + సెల్యులార్’ అన్న మోడల్‌లోనే ఉంటుంది. దానికి సిమ్ వెయ్యక్కర్లేదు, డేటా ప్లాన్ కట్టక్కర్లేదు. ఉపగ్రహాల సిగ్నల్ అందుకోవడానికి ఆ రెండిటితో పనే లేదు. ఖాళీగా ఉన్న సెల్యులార్ ఐప్యాడ్ గాల్లో చక్కగా పనిచేస్తుంది.

అందరూ మోసపోయేది ఎందుకంటే, వై-ఫై ఐప్యాడ్ కూడా మీరు ఎక్కడున్నారో చూపిస్తుంది. చుట్టుపక్కల ఉన్న వై-ఫై రౌటర్లను గుర్తుపట్టి స్థానం అంచనా వేస్తుంది. కొట్లో చూపిస్తుంది, ఇంట్లో చూపిస్తుంది, హ్యాంగర్‌లో (విమానాన్ని ఉంచే షెడ్డులో) కూర్చుని యాప్ తెరిస్తే విమానం బొమ్మ వచ్చి సరిగ్గా ఆ హ్యాంగర్ మీదే వాలుతుంది. ఇంకేం, బాగానే ఉందనుకుంటారు. టేకాఫ్ అయ్యాక ఆ రౌటర్లు అందవు. బొమ్మ చివరిసారి ఎక్కడుందో అక్కడే నిలిచిపోతుంది. దాని కింద చార్టు (విమానాల దారులు చూపే పటం) మాత్రం వేలితో జరిపితే జరుగుతుంది, పెద్దది చేస్తే అవుతుంది, కాబట్టి యాప్ ఆగిపోయిందన్న అనుమానం చప్పున రాదు. 100 నాట్ల వేగంతో వెళ్లే విమానం సెకనుకు 51 మీటర్లు దాటుతుంది. బొమ్మ కదలడం లేదని గమనించడానికి రెండు నిమిషాలు పట్టినా మీరు ఆరు కిలోమీటర్లు ముందుకు వెళ్లిపోయి ఉంటారు. నియంత్రిత గగనతలం (అనుమతి లేకుండా వెళ్లకూడని ఆకాశ భాగం) అంచున ఆరు కిలోమీటర్లంటే మాటలు కాదు.

ఇందులోనే ఇంకో తిరకాసు ఉంది. వై-ఫై ఐప్యాడ్‌ను ఐఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపితే ఫోన్‌లోని జీపీఎస్ స్థానం ఐప్యాడ్‌కు కూడా అందుతుంది. కారులో తిరిగి చూసి ‘దీంట్లో జీపీఎస్ ఉంది’ అని అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఇద్దరూ నిజంగానే నమ్మేస్తారు. గాల్లో ఆ ఏర్పాటు మీద ఆధారపడకూడదు.

కొనేముందు ఇలా తేల్చుకోండి. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరవండి. ఐఎంఈఐ (సెల్యులార్ పరికరాలకు ఇచ్చే గుర్తింపు) నంబరు కనిపిస్తే సెల్యులార్ మోడల్. లేకపోతే కాదు. అక్కడే మోడల్ నంబర్ మీద ఒకసారి నొక్కితే అది ‘ఏ’తో మొదలయ్యే నంబరుగా మారుతుంది. ఉదాహరణకు ఆరో తరం మినీలో ఏ2567 వై-ఫైది, ఏ2568 సెల్యులార్‌ది. సిమ్ ట్రే ఉందా లేదా అని చూసి నిర్ణయించకండి, ఈ-సిమ్ మాత్రమే ఉన్న కొత్త మోడళ్లలో ట్రేయే ఉండదు. ఆన్‌లైన్‌లో పాతది కొంటుంటే ఈ అబౌట్ తెర ఫొటో పంపమనండి. ‘జీపీఎస్ సపోర్ట్’ అని రాసిన ఒక్క ముక్క చూసి నమ్మకండి, ఆ మాటకు ఏ అర్థమైనా చెప్పుకోవచ్చు.

ఆ తర్వాత ఆరుబయట పరీక్ష. ఎయిర్‌ప్లేన్ మోడ్ వేయండి. అది వేసినా వై-ఫై, బ్లూటూత్ ఇదివరకటి వాడకాన్ని గుర్తుపెట్టుకుని ఆన్‌లోనే ఉండవచ్చు, అందుకని సెట్టింగ్స్‌లోకి వెళ్లి రెండిటినీ విడిగా ఆపేయండి. ఐప్యాడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ (ఇప్పుడు ఐప్యాడ్‌ఓఎస్) 2015 తర్వాతి వెర్షన్లలో ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనూ జీపీఎస్ పనిచేస్తుంది కాబట్టి ఈ పరీక్ష సరైనదే. ఆకాశం బాగా కనిపించే చోట నిలబడి నావిగేషన్ యాప్‌లో ఖచ్చితత్వం ఎంత చూపిస్తోందో చూడండి. జీపీఎస్ పట్టుకుంటే 5 నుంచి 10 మీటర్ల లోపుకు దిగుతుంది, ఎత్తు కనిపిస్తుంది, నడుస్తుంటే వేగం మారుతుంది. 65 మీటర్ల దగ్గరే ఆగిపోయి, ఎత్తు, వేగం ఖాళీగా ఉంటే అది వై-ఫై ఆపకముందు వేసిన అంచనా. ఒక్క నిమిషంలోనే తీర్పు చెప్పేయకండి. నెట్ సాయం లేనప్పుడు కక్ష్య వివరాలన్నీ ఉపగ్రహాల నుంచే దింపుకోవాలి. ఒక్కో ఉపగ్రహం తన వివరాలను 30 సెకన్లకోసారి పంపుతుంది, మొత్తం ఉపగ్రహాల పట్టిక రావడానికి 12.5 నిమిషాలు పడుతుంది. చాలాకాలం ఆఫ్‌లో పడున్న టాబ్లెట్‌కు ఓ పావుగంట ఇవ్వండి.

ఇప్పటికే వై-ఫైది కొనేసి, తిరిగి ఇచ్చే గడువు దాటిపోయిందా? బ్లూటూత్ జీపీఎస్ రిసీవర్ పెట్టుకుంటే ఆ ఐప్యాడ్ పనికొస్తుంది. గార్మిన్ గ్లో 2, బ్యాడ్ ఎల్ఫ్, డ్యూయల్ లాంటివి ఇందుకే చేసినవి. కాకపోతే ఛార్జి చూసుకోవాల్సిన బ్యాటరీ ఇంకోటి పెరుగుతుంది. పైగా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఈ బంధాన్ని తెంపగలదు. 2015లో ఐఓఎస్ 8.3 వచ్చినప్పుడు బయటి రిసీవర్లు చాలామందికి పనిచేయడం మానేశాయి. ఎగిరే ముందు రోజు రాత్రి అప్‌డేట్ నొక్కకండి.

పాతది చవగ్గా వస్తోందని తీసుకునేవాళ్లు యాప్ ఏ వెర్షన్ అడుగుతుందో ముందు చూడాలి. 2015 నాటి మినీ 4 ఐప్యాడ్‌ఓఎస్ 15 దగ్గరే ఆగిపోయింది. జీపీఎస్ ఎంత బాగున్నా, యాప్ కొత్త వెర్షన్ ఎక్కకపోతే ఆ టాబ్లెట్‌తో ఏం చేస్తారు? టాబ్లెట్‌కు ముందటి యజమాని ఖాతాతో తాళం పడి ఉందేమో కూడా చూసుకోండి. మీ ఎదుటే పూర్తిగా చెరిపించి, మొదటి నుంచి తెరిపించాకే డబ్బివ్వండి. టాబ్లెట్‌ను చదునైన బల్ల మీద పెట్టి మూలల్లో నొక్కండి. ఊగినా, తెర అంచు కాస్త లేచినట్టున్నా బ్యాటరీ ఉబ్బింది. దాన్ని విమానంలోకి తీసుకెళ్లడం ప్రమాదం.

ఆండ్రాయిడ్ సంగతి వేరు. అక్కడ వై-ఫై టాబ్లెట్లలోనూ కొన్నిటికి జీపీఎస్ ఉంటుంది, కొన్నిటికి ఉండదు. తయారీ సంస్థ ఇచ్చిన స్పెసిఫికేషన్ చదవాల్సిందే. ముందు యాప్ ఖాయం చేసుకోండి. ఫోర్‌ఫ్లైట్ యాప్ ఆపిల్ పరికరాలకే. గార్మిన్ పైలట్, స్కైడెమన్ రెండు వైపులా దొరుకుతాయి.

జీపీఎస్ తర్వాత ఎక్కువగా ముంచేది వేడి. ఐప్యాడ్‌కు ఆపిల్ చెప్పిన వాడకపు ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. ఎండలో ఆగిన విమానం కాక్‌పిట్ దాన్ని ఇట్టే దాటేస్తుంది. మొదట తెర మసకబారుతుంది, ఛార్జింగ్ ఆగుతుంది, ఆఖరికి తెర నల్లబడి థర్మామీటర్ బొమ్మ వస్తుంది. అది వచ్చాక చల్లబడేదాకా చార్టు లేనట్టే. వెనక మందపాటి తోలు కేసు తీసేయండి, గ్లేర్‌షీల్డ్ (ముందు అద్దం కింద ప్యానెల్ పైనున్న అరుగు) మీద పెట్టకండి, గాలి వెంట్ ఎదురుగా ఉండేలా బిగించండి. కాగితం చార్టో, మరో పరికరమో చేతికందేలా ఉండాలి.

తెర గురించి ఒక్క మాట. మామూలు ఐప్యాడ్ తొమ్మిది, పది తరాల్లో అద్దానికీ తెరకూ మధ్య ఖాళీ ఉంటుంది, ప్రతిబింబాన్ని తగ్గించే పూత లేదు. ఎండలో మీ చొక్కాయే కనిపిస్తుంది. ఆరో తరం మినీకి ఆ పూత ఉంది, పైగా 8.3 అంగుళాలు కాబట్టి యోక్ (విమానం నడిపే చక్రం) మీదా మోకాలి మీదా ఇముడుతుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు వాడేవాళ్లు అవి కళ్లకు పెట్టుకుని టాబ్లెట్‌ను నిలువుగా, అడ్డంగా తిప్పి చూడాలి, ఒక కోణంలో తెర చీకటైపోవచ్చు.

ఛార్జర్‌లో పిసినారితనం వద్దు. 5 వాట్లది పూర్తి వెలుతురులో ఉన్న తెరకు చాలదు. 24 వోల్టుల బ్యాటరీ ఉన్న విమానంలో సాకెట్ దగ్గర 28 వోల్టులు వస్తాయి, ‘12–24’ అని రాసిన కారు ఛార్జర్‌కు అది హద్దు దాటినట్టే. నాసిరకం ఛార్జర్లు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య నడిచే రేడియోలోకి రొద పంపుతాయి. నేల మీదే రేడియో స్క్వెల్చ్ (రొదను అణిచే మీట) తెరిచి, ఛార్జర్ పెట్టి తీసి వినండి, తేడా తెలిసిపోతుంది.

బిగించాక ఇంజన్ వేయకముందే రెండు పనులు చేయండి. టాబ్లెట్‌ను, దాని కవర్‌ను అయస్కాంత దిక్సూచికి దగ్గరగా తెచ్చి, దూరంగా తీసి చూడండి. వాటిలోని అయస్కాంతాలకు దిక్సూచి తిరిగితే చోటు మార్చాలి. ఆ తర్వాత స్టిక్ లేదా యోక్‌ను పూర్తిగా వెనక్కి లాగి, రెండు పక్కలా చివరిదాకా తిప్పండి. టాబ్లెట్ అంచు మీ తొడకో, ప్యానెల్ మీటకో తగిలిందంటే ఆ మౌంట్ అక్కడ పనికిరాదు.