గుర్రం ఎగరలేదు: ఎనిమిది నెలల హాఫ్ లీజ్ మీద నా రివ్యూ

ముందు లెక్కలు చెప్పేస్తాను, చాలామంది వాటికోసమే చూస్తారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఉన్న ఒక రైడింగ్ స్కూల్లో గుర్రాన్ని హాఫ్ లీజ్‌కి తీసుకున్నాను. నెలకు 18,000 రూపాయలు. వారానికి మూడు రోజులు పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా గుర్రం నాది. మిగతా రోజుల్లో స్కూలువాళ్లు పిల్లల క్లాసులకు వాడుకుంటారు. గడ్డి, దాణా, సయీస్ (గుర్రాన్ని చూసుకునే మనిషి) జీతం అందులోనే. నాడాలకీ డాక్టరుకీ అయ్యే ఖర్చులో సగం మనమే పెట్టుకోవాలి. ఈ సంగతి రెండో నెల బిల్లు చేతికొచ్చాక తెలిసింది. స్కూలు పేరు రాయడం లేదు. వాళ్ల మీద నాకో పెద్ద ఫిర్యాదు ఉంది, అది చెప్పక తప్పదు. కానీ అక్కడ పనిచేసేవాళ్లలో కొందరి పొట్టకొట్టే పని నాకొద్దు.

నేను పళ్ల డాక్టర్ని. వయసు 44. కూకట్‌పల్లిలో చిన్న క్లినిక్. గుర్రాల పిచ్చి మాత్రం మలక్‌పేటది. మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేది, కాలేజీ బస్సు రేసుకోర్సు పక్కనుంచి వెళ్లేది. గోడ మీదుగా ఒక్క తలైనా కనబడుతుందేమోనని సీట్లోంచి లేచి నిక్కి చూసేదాన్ని. 1886లో పందేలను మౌలాలి నుంచి మలక్‌పేటకు మార్చారని నాన్న కథలుగా చెప్పేవారు కానీ లోపలికి ఒక్కసారీ తీసుకెళ్లలేదు. ‘పందేలాడే చోటికి ఆడపిల్లనా?’ అని అమ్మ అడ్డం.

నలభై దాటాక క్లాసుల్లో చేరాను. రెండేళ్లు నేర్చుకున్నాక ఒక పంతం పట్టాను: 45 నిండేలోపు 90 సెంటీమీటర్ల జంపింగ్ పోటీలో దిగాలి. క్లినిక్‌లో గోడ క్యాలెండర్ డిసెంబర్ పేజీలో ఒక ఆదివారానికి ఎర్ర స్కెచ్‌తో సున్నా చుట్టాను. “నవాబ్‌ని తీసుకోండి మేడమ్, రేసు గుర్రం, జంపింగ్ దానికి మంచినీళ్ల ప్రాయం” అన్నారు స్కూలువాళ్లు. తీసుకున్నాను.

నవాబ్‌కి పదకొండేళ్లు. థరోబ్రెడ్, అంటే పందేల కోసం పెంచే జాతి. ఐదేళ్లకే పందేల నుంచి రిటైర్ చేశారట. ముదురు గోధుమ రంగు ఒళ్లు, నల్ల జూలు, నల్ల తోక. ఈ రంగుని మా సయీస్ చాచా ‘కుమైత్’ అంటాడు. గుర్రాల ఎత్తు చేతుల్లో కొలుస్తారు, ఒక చెయ్యి అంటే నాలుగంగుళాలు. నవాబ్ భుజం దగ్గర పదహారు చేతులు, నా నడినెత్తి కన్నా రెండంగుళాలు పైన. నుదుటి మీద రెండు సుడులు. కొనేవాళ్లు సుడులు చూసి భయపడటం వల్లే ఇంత మంచి గుర్రం తక్కువకి దొరికిందని చాచా నమ్మకం.

వృత్తి దోషం, నేను మొదటిరోజే పళ్లు చూశాను. పైవరస ముందు పళ్ల అంచు ఏటవాలుగా అరిగిపోయి ఉంది. ఐదు నిమిషాల్లో కారణమూ కనబడింది. లాయం తలుపు పై అంచుకి పళ్లు తగిలించి, మెడ బిగించి, గుక్కుమని గాలి లాగుతుంది. రోజంతా అదే పని. పందెపు గుర్రాలను గంటల తరబడి గదిలో కట్టేసి, గడ్డి తక్కువ, దాణా ఎక్కువ పెట్టే చోట ఇలాంటి అలవాట్లు పట్టుకుంటాయి. గుర్రం కడుపులో తిన్నా తినకపోయినా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది, రోజంతా గడ్డి మేస్తూ ఉండాల్సిన జీవి మరి. ఈ అలవాటు ఒకసారి పట్టుకుంటే దాదాపు వదలదు. స్కూలువాళ్లు మాన్పించడానికి మెడకి ఇనుప ముక్క ఉన్న పట్టీ బిగించారు. పట్టీ కింద వెంట్రుకలు ఊడిపోయి చర్మం కనబడుతోంది.

నిద్రలో పళ్లు కొరికే పేషెంట్లు నా దగ్గరికి వారానికి ఇద్దరైనా వస్తారు. ఆ అలవాటు మాన్పిస్తానని ఎవరికీ మాటివ్వను. పళ్లు అరక్కుండా నైట్ గార్డ్ చేసిస్తాను, అంతే. నవాబ్‌కీ అదే వైద్యం. రాణిగంజ్‌లో 900 రూపాయలకి మందపాటి రబ్బరు పట్టా కొని తలుపు అంచుకి కొట్టించాను. చిన్న కన్నాల వల సంచీలో గడ్డి వేలాడదీస్తే కొంచెం కొంచెమే లాక్కుంటూ ఎక్కువసేపు తింటుంది. మెడ పట్టీ తీయించాను. మేనేజర్ వారం రోజులు గొణిగాడు. అలవాటు మానిందా? లేదు. ఇప్పుడు పళ్ల బదులు రబ్బరు అరుగుతోంది.

పళ్ల గొడవ ఇంకొంచెం ఉంది, ఓపిక పట్టండి. గుర్రం పళ్లు మన పళ్లలా కావు, అరిగేకొద్దీ ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్లు చిగుళ్లలోంచి పైకి వస్తూనే ఉంటాయి. పైదవడ వెడల్పు, కిందిదవడ ఇరుకు. అందుకని దవడ పళ్ల అంచులు ఒకవైపు కత్తుల్లా తేలి బుగ్గను కోస్తాయి. ఏడాదికోసారైనా పశువైద్యుడి చేత ఆకురాయితో అరగదీయించాలి. నవాబ్‌కి రెండేళ్లుగా చేయించలేదని తేలింది. చేయించాక, కళ్లెం లాగినప్పుడల్లా తల ఎగరేయడం చాలా తగ్గింది. దాన్ని అప్పటిదాకా ‘పొగరు’ అని నాకు చెబుతూ వచ్చారు.

ఇక నీలం డ్రమ్ము. అరీనాకి, అంటే స్వారీ చేసే ఇసుక మైదానానికి, ఈశాన్య మూలన నీళ్లు చల్లడానికి ఓ ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టారు. నవాబ్ ఎన్నోసార్లు చూసిన డ్రమ్మే. అయినా రోజూ పది అడుగుల దూరంలో నాలుగు కాళ్లూ పాతేసి, ముక్కుపుటాలు విప్పి బుస కొడుతుంది. గుర్రం కంటికి ఎరుపు, ఆకుపచ్చ సరిగా విడిపడవు కానీ నీలం, పసుపు బాగా తెలుస్తాయి. మసక మసక లోకంలో ఆ డ్రమ్ము ఒక్కటే దాని కంటికి కొట్టొచ్చినట్టు ఉంటుందేమో. ట్రైనర్ మాత్రం “వదలకండి మేడమ్, ఇవాళ గెలిపిస్తే రేపు నెత్తినెక్కుతుంది” అంటాడు. నెల రోజులు నేనూ ఆ మాటే పట్టుకున్నాను. ఒక్కో రోజు ఇరవై నిమిషాలు డ్రమ్ము దగ్గరే యుద్ధం, బెత్తంతో సహా. ఒకరోజు నవాబ్ పక్కకి దూకితే నేను కుడిచెయ్యి కింద పెట్టి ఇసుకలో పడ్డాను. మణికట్టు బెణికింది. పళ్ల డాక్టరుకి కుడి మణికట్టు అంటే ఇంకేం చెప్పాలి, రెండు వారాలు క్లినిక్ మూత.

కట్టుతోనే గడ్డి వెయ్యడానికి వెళ్లాను. చాచా నన్నో చూపు చూసి, “నక్కో ఛేడో డాక్టర్ సాబ్” అన్నాడు. దాని జోలికి పోకండి అని. డ్రమ్ము ఉన్న మూలని వదిలేసి ముందే మలుపు తిప్పుకుంటే సరిపోతుంది కదా అని ఆయన ఉద్దేశం. అప్పట్నుంచి నా అరీనాకి మూడే మూలలు. ‘అది’ కాస్తా నా నోట్లో ‘వాడు’ అయింది కూడా ఆ రోజుల్లోనే.

వాడికి ఇంకా ఉన్నాయి. గేటు దాటగానే రెండు నిమిషాలు ఆగి చుట్టూ చూడాలి, ఆ రెండు నిమిషాలూ మనం నోరు మూసుకోవాలి. వాన వెలిశాక నీటి గుంట కనబడితే చుట్టూ తిరిగి వెళ్తాడు కానీ గిట్ట పెట్టడు. ఎడమవైపు తిరుగుతూ క్యాంటర్ (ఓ మోస్తరు వేగం పరుగు) వెన్నలా ఉంటుంది, కుడివైపు ఎడ్లబండి. ఉలవలంటే ప్రాణం, బెల్లం ఇస్తే మొహం తిప్పుకుంటాడు. బెల్లం తినని గుర్రాన్ని నేను వీడినే చూశాను.

అసలు ఫిర్యాదు ఇప్పుడు. జంపింగ్‌లో 50 సెంటీమీటర్లు దూకాడు, 60 దూకాడు. 70 పెట్టగానే ఆఖరి అడుగులో బ్రేకు. నేను మెడ మీదకి. కర్రలకి ఎరుపు, తెలుపు చారలు ఉండేవి, కింద పచ్చగడ్డి. బ్రిటన్‌లో గుర్రాలు కంచెలు దూకే పందేల్లో నారింజ రంగు పట్టీలు వాటి కళ్లకు సరిగా ఆనవని తేలి, వాటిని తెలుపుకి మార్చారు. అది చదివి ఉన్నాను కాబట్టి, నా డబ్బులతోనే కర్రలకి తెలుపు, పసుపు వేయించాను. రెండుసార్లు 70 దూకాడు! ఆ రాత్రి నిద్రపట్టలేదు. మూడోరోజు మళ్లీ బ్రేకు. “మొండిది మేడమ్” అన్నాడు ట్రైనర్. 

మరణశిక్ష పడ్డవాడు రాజుగారిని ఏడాది గడువడిగి, ఈలోపు మీ గుర్రానికి ఎగరడం నేర్పిస్తానన్న కథ తెలుసుగా. రాజు పోవచ్చు, నేను పోవచ్చు, గుర్రం ఎగరావచ్చు. నేనూ డిసెంబర్ దాకా ఆ ధోరణిలోనే ఉన్నాను. ఆ కథలో గుర్రం కాళ్లు పట్టి చూసినవాడు ఒక్కడూ లేడు. ఇక్కడా అంతే.

చివరికి నేనే బయటి నుంచి పశువైద్యుణ్ని పిలిపించాను. ఆయన ఎడమ ముందుకాలు వెనకవైపు వేళ్లతో తడిమి, నా వేళ్లనీ అక్కడే పెట్టించాడు. స్నాయువు ఒకచోట ఉబ్బి గట్టిగా తగిలింది. అల్ట్రాసౌండ్‌లో పాత చీలిక కనబడింది, పందేల కాలం నాటిది అయ్యుంటుందన్నాడు. మానింది, కానీ మానిన చోట మచ్చ కణజాలం, దానికి మునుపటి సాగుడు రాదు. దూకి దిగేటప్పుడు 480 కిలోల బరువు మొదట ముందుకాళ్ల మీదే పడుతుంది. నడక, ట్రాట్ (దుడుకు నడక), క్యాంటర్ హాయిగా చేయించుకోండి, జంపింగ్ మర్చిపోండి అన్నాడు. కాగితం పట్టుకెళ్లి మేనేజర్ ముందు పెడితే “అది పాతది కదా మేడమ్” అన్నాడు. అంటే తెలుసు. తెలిసే జంపింగ్‌కని నాకు లీజుకిచ్చాడు, తెలిసే పిల్లల చేత దూకించాడు. ఇందుకు నేను వాళ్లని ఇప్పటికీ క్షమించలేదు.

బదులుగా ఇంకో గుర్రం ఇస్తామన్నారు. తెల్ల గుర్రం, ఆడది, మీటరు దూకుతుంది, నెలకి 25,000. రెండు రోజులు ఎక్కి చూశాను. 80 అలవోకగా దూకింది. డ్రమ్ము పక్కనుంచి దాన్ని చూడకుండానే వెళ్లింది. చెప్పొద్దూ, చాలా బాగుంది. వారం రోజులు మనసు అటూ ఇటూ లాగింది. ఆ వారంలోనే ఒక పొద్దున నేను తెల్లగుర్రం దిగుతుంటే, నవాబ్‌ని ఒక పన్నెండేళ్ల కుర్రాడి క్లాసుకి జీను వేసి తీసుకొస్తున్నారు. గేటు దగ్గర ఆగాడు. కుర్రాడు మడమలతో పొడిచాడు, ట్రైనర్ వెనకనుంచి అదిలించాడు. నేను లీజు వదిలేస్తే వారమంతా వీడి బతుకు ఇదే. తెల్లదాన్ని వద్దన్నాను. త్యాగం లాంటిదేం కాదు, కుళ్లుకుంటూనే వద్దన్నాను. డిసెంబర్‌లో ఆ ఆదివారం పోటీ ఫొటోలు గ్రూపులో వస్తుంటే ఫోను బోర్లా పెట్టేశాను. క్యాలెండర్‌లో ఎర్ర సున్నా మధ్యలో ఆ తర్వాత పాలవాడి లెక్క రాసుకున్నాను.

ఇప్పుడేం చేస్తున్నానంటే, వారంలో ఒక రోజు అరీనాలో కుడివైపు క్యాంటర్ మీద పని. ఎడ్లబండి కాస్తా ఆటో దాకా వచ్చింది. మిగతా రెండు రోజులూ చాచా సైకిల్ మీద ముందు వెళ్తుంటే పగ్గాలు వదులుగా వదిలి చెరువు కట్ట మీద నడక. కట్ట చివర తుమ్మచెట్టు దాకా వెళ్లిరావడానికి నలభై నిమిషాలు. నీటి గుంటలుంటే యాభై. కొంగలు లేస్తే వాడు బెదరడు, ప్లాస్టిక్ కవరు ఎగిరితే మాత్రం గుండె ఆగినంత పని. ఆ టెన్షన్ నాకు అలవాటైపోయింది, కవరు నాకే ముందు కనబడుతోంది.

సర్వీసు సంగతులు త్వరగా: బాత్రూమ్ శుభ్రంగా ఉంటుంది. స్కూలు హెల్మెట్లు మాసిపోయి, లోపలి స్పాంజి పగిలి ఉన్నాయి, మీది మీరు కొనుక్కోండి. ట్రైనర్ పావుగంట ఆలస్యంగా వస్తాడు, టైముకే వెళ్లిపోతాడు. జీను మాత్రం ఒక్కో గుర్రానికి విడిగా ఉంచారు, అది చాలాచోట్ల ఉండదు. నాడాలు ఆరు వారాలకోసారి మారుస్తారు, పని నీటు. చాచాకి పది మార్కులకి పన్నెండు.

ఎక్కడైనా లీజు తీసుకునేముందు మీ డాక్టర్ని మీరే తీసుకెళ్లి గుర్రం వీపు, నోరు, కాళ్లు చూపించండి. నాలుగైదు వేలవుతుంది, నా మణికట్టు కన్నా చవక. మొండితనం అని చెప్పినవాటిలో సగం నొప్పిగా తేలింది నా విషయంలో. మిగతా సగం వాడి స్వభావం, దానికి ఏ డాక్టరూ మందివ్వలేదు.

గతవారం లీజు మళ్లీ రాసుకున్నాం. 15,000కి దిగారు. నవాబ్ చేత నేనే కాదు, ఎవరూ జంపింగ్ చేయించకూడదని కాగితం మీద రాయించాను. దానికి మేనేజర్ రెండు టీలు తాగేదాకా ఒప్పుకోలేదు. ఐదుకి మూడు స్టార్లు. డ్రమ్ముని గోడ అవతలికి జరపమని ఎనిమిది నెలలుగా అడుగుతున్నాను, జరిపిన రోజు ఇంకో అర కలుపుతాను.