లండన్‌లో వెండి కొనబోతే

లండన్‌లో ఎనిమిది రోజులున్నాం. వంతెనలు, గడియారపు బురుజు, రాజుగారి కోట అందరూ రాసేవే, వదిలేస్తున్నాను. బస గురించి మాత్రం ఒక్క మాట: రాత్రికి 118 పౌండ్లు పుచ్చుకుని మూడో అంతస్తుకు పెట్టెలు మా చేతనే మోయించారు. లిఫ్టు ఉందో లేదో ముందే అడగండి.

అసలు కడుపుమంట శనివారం సంతది. పాత సామాన్ల బల్ల మీద నీలం మఖమలు పెట్టెలో ఆరు చెంచాలు కనిపించాయి. అమ్మేవాడు "రెండు వందల ఏళ్ల వెండి" అన్నాడు. కాడ వెనుక వరసగా నాలుగు చిన్న ముద్రలు కూడా ఉన్నాయి. మా ఆవిడ ఒక చెంచా చేతిలో ఊపి చూసి, "బరువు లేదండీ, వద్దు" అంది. నేను వింటేనా! 75 చెబితే 60కి బేరమాడానని మురిసిపోతూ కొన్నాను. రాత్రి గదిలో దీపం కింద చూస్తే ఆ నాలుగు ముద్రలూ నాలుగు అక్షరాలు: ఈ, పి, ఎన్, ఎస్. అంటే నికెల్ సిల్వర్ మీద విద్యుత్తుతో వేసిన వెండి పూత. నికెల్ సిల్వర్ అనే పేరే గాని అందులో రాగి, తుత్తునాగం, నికెల్ తప్ప వెండి రవ్వంత ఉండదు. చెంచా వీపు బల్లకు ఆనే చోట పూత అరిగి పసుపు తేలుతోంది. ఆ రాత్రి మా ఆవిడ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మర్నాడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం. ప్రవేశం ఉచితం, వెండి గదులకే రెండు గంటలు పెట్టుకోండి. స్నానాల తొట్టంత ద్రాక్షసారా పాత్ర ఒకటుంది. 1730లలో చార్లెస్ క్యాండ్లర్ చేసిన అసలుది రష్యాలో ఉంది, ఇది 1884లో బర్మింగ్‌హామ్ ఎల్కింగ్టన్ కంపెనీ తీసిన నకలు. వెండి పూత వ్యాపారాన్ని పైకి తెచ్చింది వాళ్లే. "చూశారా, వీళ్లు నకలని చీటీ మీద రాశారు" అంది మా ఆవిడ. మొదటి మాట అదే.

సోమవారం ఛాన్సరీ లేన్‌లోని సిల్వర్ వాల్ట్స్‌కు వెళ్లాం. 1876లో డబ్బున్నవాళ్లు నగలు దాచుకోవడానికి కట్టిన నేలమాళిగ అది. ఇప్పుడు బ్యాంకు లాకరు తలుపుల వెనుక వెండి దుకాణాలు. ఆదివారం మూసేస్తారు, శనివారం ఒంటిగంట వరకే. లోపలికి వెళ్లడానికి రుసుము లేదు, కొనమని ఎవరూ మీద పడలేదు.

ఒక పెద్దాయన మా చేతికి భూతద్దం ఇచ్చి, పెద్ద చెంచా ఒకటి తిప్పి చూపించారు. కుడి ముందుకాలు ఎత్తి నడిచే సింహం ఉంటే 92.5 శాతం వెండి. చిరుతపులి తల లండన్ ముద్ర. లంగరు ఉంటే బర్మింగ్‌హామ్ అట. ఏడాదికో అక్షరం చొప్పున కొట్టే వరసలో చిన్న 'కె' అంటే 1785. పన్ను కట్టినందుకు రాజు తల, అది 1786 దాకా లోపలికి గుంటలా కొట్టేవారు. చివరన వంకర రాతలో హెచ్.బి.: హెస్టర్ బేట్‌మన్. భర్త 1760లో పోతే మరుసటి ఏడే తన పేర ముద్ర నమోదు చేయించుకుని పనివాళ్లతో, కొడుకులతో దుకాణం నడిపిందామె. మా ఆవిడ ఆ అక్షరాల మీద బొటనవేలు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

ధర 140 పౌండ్లు, బరువు దాదాపు ఐదు తులాలు. నేను బేరం మొదలుపెట్టేలోగా ఆవిడే కార్డు తీసింది. రసీదు మీద సంవత్సరం, తయారుచేసిన మనిషి పేరు రాసిచ్చారు. అలా రాసివ్వని చోట పైసా తీయకండి.

ఆ చెంచాను ఇప్పుడు పండగలకు విభూతితో తోముతోంది. సంతలో కొన్న ఆరూ పోపుల పెట్టెలో ఉన్నాయి. చుట్టాలు వస్తే ముందు చూపించేది మాత్రం వాటినే.