ఆరేళ్లు ఒక హల్, ఏడేళ్లు రెండు హల్‌లు: తిరుపతి నుంచి ఒక తెరచాప పిచ్చోడి సమీక్ష

మా ఊళ్లో సముద్రం లేదు. ఆదివారం తెల్లారుజామున నాలుగింటికి లేచి, పుత్తూరు, నగరి మీదుగా చెన్నై తీరానికి పోయి, సాయంత్రానికి మొహమంతా ఉప్పు పేరుకుని తిరిగొచ్చే రకం నేను. "లోకమంతా కొండకని ఇటు వస్తా ఉంటే నువ్వు అటు పోతావేంది రా?" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. మొదటి ఆరేళ్లు లేజర్ నడిపాను, అది ఒకే హల్ (నీళ్లలో తేలే దొప్ప) ఉన్న చిన్న తెరచాప పడవ. తర్వాతి ఏడేళ్లూ సెకండ్ హ్యాండ్‌లో కొన్న హోబీ 16, అంటే రెండు హల్‌ల కాటమరాన్.

కాటమరాన్ అనే మాట మన పక్కింటిదే. తమిళంలో కట్టుమరం, కట్టిన మాను. చిత్తూరు వైపు వాళ్లకు దీన్ని విప్పి చెప్పే పని లేదు. మన కోస్తా జాలర్లు తెప్ప అంటారు. తమాషా ఏమంటే అసలు కట్టుమరానికి రెండు హల్‌లు ఉండవు, దుంగలు పక్కపక్కన చేర్చి కట్టేస్తారు, అంతే. రెండు పడవల్ని ఎడంగా పెట్టి అడ్డకర్రలతో కలపడం పసిఫిక్ దీవుల వాళ్ల విద్య. ఇంగ్లీషువాళ్లు మన పేరు పట్టుకుపోయి దానికి తగిలించారు. ఒడ్డున ఒక ముసలి జాలరి నా హోబీని చూసి "ఇదా కట్టుమరం?" అని నవ్వినప్పుడు నేనేమీ వాదించలేదు.

తేడా చెప్పాలంటే ముందు గాలి విసురు గురించి చెప్పాలి. లేజర్ హల్ 59 కిలోలే. గాలి కొట్టగానే ఒరుగుతుంది, అంచు నీళ్లకు తగులుతుంది, చేతిలో తాడు బిగుసుకుంటుంది. మీరు వెనక్కి వాలి బరువు వేస్తారు, లేదా తాడు వదులుతారు. పడవ ఒరిగేకొద్దీ తెరచాప గాలిని జార్చేస్తుంది కూడా. అంటే పడేముందు పడవే నాలుగుసార్లు కేకేసి చెబుతుంది.

హోబీ చెప్పదు. వెడల్పు 2.41 మీటర్లు, బరువు దాదాపు 145 కిలోలు, మధ్యలో నవారు మంచంలా బిగించిన ట్రాంపొలిన్. విసురు వస్తే ఒరగడానికి బదులు పరుగెత్తుతుంది. మీరు సంబరపడతారు. ఇంకొంచెం గాలి పెరిగితే పైవైపు హల్, అంటే గాలి వచ్చే వైపుది, నీళ్లలోంచి లేస్తుంది. దాని బలమంతా వెడల్పులోనే ఉంది, ఆ హల్ లేచిన క్షణమే ఆ బలానికి హద్దు. ఇంకా లేస్తే పట్టు పెరగదు, తగ్గుతుంది. అందుకే పెద్ద కాటమరాన్‌ల మీద ఒరుగు చూసి కాదు, గాలిమీటరు అంకె చూసి తెరచాప కుదిస్తారు.

ఇది నాకు ఒక మే నెలలో తెలిసొచ్చింది. పన్నెండు దాటాక సముద్రపు గాలి లేచింది, నేనూ మా మేనల్లుడూ వెనక్కి జరగకుండా ముందే కూర్చుని ఉన్నాం. తప్పు నాదే. కిందవైపు, అంటే గాలి పోయే వైపు, హల్ ముక్కు అలలోకి దూరింది, వెనకభాగం లేచింది, ఇద్దరం ఎగిరి తెరచాప మీద పడ్డాం. పక్కకు పడ్డ హోబీని లేపాలంటే పైహల్ మీదుగా తాడు వేసి, కిందహల్ మీద నిలబడి వెనక్కి వేలాడాలి. దానికి సుమారు 135 కిలోల బరువు కావాలి. నేను 68, వాడు 48. పావుగంట ఊగినా లేవలేదు. ఫైబర్ పడవలో పోతున్న జాలర్లు వచ్చి స్తంభం కొస ఎత్తితే లేచింది. డబ్బులిస్తే తీసుకోలేదు, ఆ పై ఆదివారం లడ్లు పట్టుకెళ్లి ఇచ్చాను. లేజర్ అయితే మధ్య పలక మీద ఒక కాలు వేస్తే లేచేది.

కీల్ (పడవ అడుగున ఉండే నిలువు రెక్క) కింద బరువు పోసిన పెద్ద సింగిల్ హల్ పడవల సంగతి వేరు. అవి తోసినా లేచి నిలబడే తంజావూరు బొమ్మలు. 2018 సెప్టెంబరులో, ఒంటరిగా భూమిని చుట్టొచ్చే గోల్డెన్ గ్లోబ్ రేసులో, మన నావికుడు అభిలాష్ టామీ పడవ తురీయ తుపానులో చుట్టూ తిరగబడింది. స్తంభాలు విరిగాయి, ఆయన నడుం దెబ్బతింది, పడవ మాత్రం తనే నిటారుగా నిలబడింది. కాటమరాన్ అలా బోర్లా పడితే బోర్లాగానే ఉంటుంది. లోపల సీసం బరువు లేదు కాబట్టి సాధారణంగా మునగదు, దాని వీపు మీద కూర్చుని సాయం కోసం చూడొచ్చు. ఏది మేలో మీరే చెప్పండి, నేను ఏడేళ్లుగా తేల్చుకోలేదు.

వేగంలో మాత్రం పోటీ లేదు. సింగిల్ హల్ తను లేపిన అల గుంటలోనే ఇరుక్కుంటుంది. నీటిలో 25 అడుగుల పొడవున్నదానికి 6.7 నాట్ల (గంటకు దాదాపు 12 కిలోమీటర్లు) దగ్గర గోడ కట్టినట్టుంటుంది. సన్నని హల్‌లకు ఆ బెడద చాలా తక్కువ. 1876లోనే అమెరికా పడవల తయారీదారు హెరెషాఫ్ తన కాటమరాన్ అమరిల్లిస్‌తో న్యూయార్క్‌లో అందర్నీ ఓడిస్తే, ఆ తర్వాత రేసుల్లోకే రానివ్వలేదట. తిప్పడంలో మాత్రం లేజర్ బొంగరం, హోబీ గేదె. గాలికి ఎదురుగా తిరిగేటప్పుడు సగంలో ఆగిపోయి వెనక్కి నడిచేది. ముందువైపు ఉండే చిన్న తెరచాపను ఎదురువైపు పట్టి ముక్కు తిప్పడం పట్టుబడటానికి నాకు ఏడాది పట్టింది.

ఒకతూరి ఫుకెట్‌లో నాలుగు రోజులు పెద్ద కాటమరాన్ ఎక్కాం. కాఫీ గ్లాసు బల్ల మీద పెడితే కదల్లేదు, మా ఆవిడ అక్కడే తీర్పు ఇచ్చేసింది. రాత్రి మాత్రం హల్‌ల మధ్య అలలు కిందనుంచి దబీ దబీ కొడుతుంటే నాకు నిద్ర లేదు.

కొనేవాళ్లకు ఒకమాట. నాకు అమ్మినాయన హల్ పైభాగం మెత్తబడిన సంగతి చెప్పలేదు. బొటనవేలితో నొక్కితే పచ్చి దోసెలా దిగింది, అదీ ఇంటికొచ్చాక చూశాను. రూపాయి బిళ్లతో అడుగడుగూ తట్టండి, డొల్లగా పలికితే లేచి వచ్చేయండి. పార్కింగ్ కూడా అడిగి పెట్టుకోండి, వెడల్పు చూసి నా దగ్గర ఒకటిన్నర రెట్లు గుంజుతున్నారు.

లేజర్ ఇంకా అమ్మలేదు. సెలవులకు వస్తే మేనల్లుడికి దాన్నే ఇస్తాను. హోబీ కావాలంటే ఇంకో ఇరవై కిలోలు పెరగమన్నాను. అప్పట్నుంచి మా అక్క నన్ను తిడుతూనే వాడి అన్నంలో నెయ్యి ఇంకో గరిటె వేస్తోంది.