బోర్డు లేని కొట్టులో ఓవరాయిలింగ్

బరంపురంలో ఎవరైనా సైకిల్ మీద దూరం వెళ్లాలనుకుంటే పాత బస్టాండు దగ్గరి సందులో ఒక రిపేరు కొట్టుకి వెళ్లమంటాను. బోర్డు లేదు. పని బంగారం. టైముకి ఇస్తారని మాత్రం నమ్మకండి.

నేను లెక్కల మాస్టారిని, వయసు 48. మా బడిలో ఒక పిల్లాడు చలికాలం వస్తే చాలు, వారానికి మూడు రోజులు రాడు. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు. చలి తగిలినా, ఒంట్లో నీళ్లు తగ్గినా కొడవలిలా వంగిన రక్తకణాలు సన్నటి నాళాల్లో ఇరుక్కుని నొప్పులతో మెలికలు తిరిగిపోతాడు. ఇలాంటి పిల్లల్ని కొండ ఊళ్ల నుంచి ఎం.కె.సి.జి. ఆస్పత్రికి తెచ్చే అమ్మానాన్నలకి ఆ రోజు కూలీ పోతుంది, పైన బస్సు ఛార్జీలు. ఆ ఛార్జీల కోసమని, వేడినీళ్ల గుండం ఉన్న తప్తపాణికి సైకిల్ తొక్కి వస్తానన్నాను. రానూపోనూ దాదాపు 100 కిలోమీటర్లు. కిలోమీటరుకి రెండు రూపాయలు ఇస్తామని 42 మంది పేర్లు రాయించారు.

తీరా చూస్తే, ఆన్‌లైన్‌లో 14 వేలు పోసి కొన్న గేరు సైకిల్ ఇరవై కిలోమీటర్లకే నా మోకాళ్లు పట్టేసింది. వెనక చక్రం ఊగుతూ బ్రేకు రబ్బరుకి రాసుకునేది.

కొట్టు తాత సైకిల్‌ని తలకిందులు చేసి చక్రం తిప్పాడు. రిమ్ము పక్కన సుద్దముక్క పట్టుకున్నాడు. సుద్ద అంటిన చోటే వంకర. అక్కడి చువ్వల్ని వేలితో మీటాడు. బిగువుగా ఉన్నవి టింగుమన్నాయి, వదులువి డబ్‌మన్నాయి. పావు తిప్పు బిగించడం, చక్రం తిప్పి చూడటం, మళ్లీ పావు తిప్పు. గంట పట్టింది. “లెక్కల మేస్టారికి తెలీదేటి? ఒక పక్క బిగిస్తే రెండో పక్క ఒదలాల” అన్నాడు. తర్వాత నా మడమ పెడల్ మీద పెట్టించి, పెడల్ అడుక్కి వచ్చినప్పుడు కాలు తిన్నగా ఉండేలా సీటు రెండంగుళాలు లేపాడు. నా మోకాళ్ల నొప్పంతా ఆ రెండంగుళాల్లోనే ఉందట!

కొత్త బేరింగు గోళీలు, గ్రీజు, బ్రేకు వైర్లు అన్నీ కలిపి 650. ఆస్పత్రి పిల్లల కోసమని చెప్పినా రూపాయి తగ్గించలేదు. డబ్బు లెక్కపెట్టుకున్నాక మాత్రం వంద తీసి నా చేతిలో పెట్టి, “నా పేరు కూడా రాయండి, కిలోమీటరుకి రూపాయి” అన్నాడు.

గేర్ల సంగతి ఆయనకి అంతగా పట్టదు. చైను జారుతోందంటే “గేరు మార్చకండి, అయిపోద్ది” అన్నాడు. అయిపోలేదు. దిగపహండి దాటాక ఘాటీ ఎక్కుతుంటే రెండుసార్లు ఊడింది. తప్తపాణి వేడినీళ్ల గుండం దగ్గరికి చేరేసరికి చేతులు మోచేతుల దాకా నల్లగా అయ్యాయి. ఆ గంధకం వాసన నీళ్లతో కడిగినా నలుపు వదల్లేదు. అయినా ఒక్క పంక్చర్ లేదు, మోకాళ్లు కిక్కురుమనలేదు. తెల్లారి నాలుగున్నరకి బయల్దేరినవాణ్ణి సాయంత్రం నాలుగుకి ఇంట్లో ఉన్నాను.

రావాల్సింది 8,500. వచ్చింది 7,300. ఇంకా ఇవ్వని ఆరుగురిలో మా బావమరిది ఒకడు.

సైకిల్ శనివారం ఇస్తానని మంగళవారం ఇచ్చాడు. కాబట్టి మీకు శనివారం కావాలంటే బుధవారమే కావాలని చెప్పండి. ఒంటిగంట నుంచి నాలుగు దాకా కొట్టు మూసేస్తాడు. ఫోన్‌పే మనవడు ఉంటేనే పనిచేస్తుంది, చిల్లర పట్టుకెళ్లండి.