నోటి లెక్కలో బడి దారా, కొట్టు దారా: ఏది మేలు?

ఐదొందల్లోంచి రెండొందల ఎనభై ఏడు తీసేస్తే ఎంత? ఫోన్ తీయకుండా, కాగితం ముట్టకుండా చెప్పండి. చెప్పాక ఇంకో ప్రశ్న, నాకు కావలసింది నిజానికి అదే: ఎలా చేశారు?

ఈ లెక్క నా మెదడుకి ఎక్కడ పట్టుకుందో చెప్తాను. ఏడో తరగతి వేసవి సెలవుల్లో తెనాలిలో మామయ్య కిరాణా కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను. ఒకావిడ రెండొందల ఎనభై ఏడు రూపాయల సరుకు తీసుకుని ఐదొందల నోటు ఇచ్చింది. క్లాసులో లెక్కల్లో ఫస్ట్ నేనే కాబట్టి పొట్లం కాగితం కూడా తీసుకోకుండా నోట్లోనే మొదలుపెట్టాను: సున్నాలోంచి ఏడు పోదు, పక్కింటికి అప్పుకి వెళ్ళాలి, పక్కింట్లోనూ సున్నానే, కాబట్టి దాని పక్కింటికి వెళ్ళి ఒకటి తెచ్చి, అక్కడో పది, ఇక్కడో పది. పదిలోంచి ఏడు పోతే మూడు. మధ్యింట్లో పది కాదు, ఒకటి నాకిచ్చేసింది కాబట్టి తొమ్మిదే ఉంటుందన్న సంగతి ఆ హడావుడిలో ఎగిరిపోయింది. పదిలోంచి ఎనిమిది తీసి రెండు, నాలుగులోంచి రెండు తీసి రెండు. రెండొందల ఇరవై మూడు చేతిలో పెట్టాను. ఆవిడ లెక్కపెట్టుకుని, "పది ఎక్కువిచ్చావు బాబూ" అని వెనక్కి ఇచ్చేసింది.

మామయ్య ఏమీ అనకుండా ఆ డబ్బులన్నీ మళ్ళీ తీసుకుని ఆవిడ చేతిలో ఒక్కొక్కటే పెట్టాడు. "రెండొందల ఎనభై ఏడు. మూడు, తొంభై. పది, మూడొందలు. రెండొందలు, ఐదొందలు." అంతే. ఆయన అసలు తీసివెయ్యలేదు. సరుకు ధర దగ్గర మొదలుపెట్టి నోటు దాకా మెట్లెక్కాడు, ఎక్కిన మెట్లే చిల్లర. తర్వాత నాతో, "ఒరేయ్ అల్లుడూ, ఆ అప్పులు బళ్ళో చేసుకో, ఇక్కడ అప్పులు వేరే పుస్తకంలో రాస్తాం" అన్నాడు.

అప్పట్నుంచి నాకు ఈ రెండూ రెండు దారులుగానే కనిపిస్తాయి. బడి దారి కుడి నుంచి ఎడమకి పోతుంది: ఒకట్లు, పదులు, వందలు, మధ్యలో చేతిలో ఒకటి, పక్కింట్లో అప్పు. కొట్టు దారి పెద్దదాంతో మొదలవుతుంది, దగ్గర్లో ఉన్న గుండు అంకె (అంటే చివర సున్నా ఉన్న అంకె) మీదికి దూకుతుంది, తర్వాత హెచ్చుతగ్గులు సరిచేసుకుంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

కూడిక. 468కి 357 కలపాలి. బడి దారిలో ఎనిమిదీ ఏడూ పదిహేను, ఐదు పక్కన పెట్టు, చేతిలో ఒకటి. ఆరూ ఐదూ పదకొండు, ఒకటి కలిపితే పన్నెండు, రెండు పక్కన పెట్టు, చేతిలో ఒకటి. నాలుగూ మూడూ ఒకటీ ఎనిమిది. ఇప్పుడు బుర్రలో ఐదు, రెండు, ఎనిమిది అనే వరసలో అంకెలున్నాయి, వాటిని తిరగేసి ఎనిమిదొందల ఇరవై ఐదు అని పలకాలి. కొట్టు దారిలో 468కి మూడొందలు కలిపితే 768, యాభై కలిపితే 818, ఏడు కలిపితే 825. ఏ క్షణంలో చూసినా బుర్రలో ఒక్క అంకె, దానికి ఇంకా కలపాల్సిన ముక్క, అంతే ఉంటాయి. పైగా మధ్యలో ఎవరైనా పిలిచి లెక్క ఆగిపోయినా ఎనిమిదొందల చిల్లర అని తేలిపోయి ఉంటుంది. బడి దారిలో సగంలో ఆగితే చేతిలో ఉండేది చివరి అంకె ఐదు అన్న సమాచారం. దాన్నేం చేసుకుంటాం?

మనకి ఇంకో సౌకర్యం కూడా ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. తెలుగులో అంకె పలికే వరసే పెద్దదాని నుంచి చిన్నదానికి: ఎనభై ఏడు, ముందు ఎనభై, తర్వాత ఏడు. జర్మన్‌లో అదే అంకెని ఏడూ ఎనభై అన్నట్టు తిరగేసి పలుకుతారు. హిందీలో సత్తాసీ, అక్కడా ఏడే ముందు, పైగా వంద దాకా దాదాపు ప్రతి అంకెకీ ఓ ప్రత్యేకమైన మాట బట్టీ పట్టాలి. మనకి ఇరవై వచ్చి, ఒకటి నుంచి తొమ్మిది వస్తే ఇరవై ఒకటి నుంచి ఇరవై తొమ్మిది దాకా వచ్చేసినట్టే. ఎడమ నుంచి లెక్క చేస్తుంటే జవాబు ఎలా పలకాలో అదే వరసలో నోటికొస్తుంది. బడి దారి మన నాలుకకి ఎదురీత.

గుణకారంలో తేడా ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. 49ని ఆరుతో హెచ్చవేయాలంటే యాభై ఆర్లు మూడొందలు, అందులోంచి ఒక ఆరు తీసేస్తే 294. తొమ్మిదార్లు యాభై నాలుగు, నాలుగు వేసి చేతిలో ఐదు అంటూ పోనక్కర్లేదు. 27ని ఎనిమిదితో అంటే ఇరవై ఎనిమిదులు నూట అరవై, ఏడెనిమిదులు యాభై ఆరు, మొత్తం 216. కానీ ఇక్కడో మెలిక ఉంది. ఏడెనిమిదులు యాభై ఆరు అని తడుముకోకుండా రావాలి కదా. ఎక్కాలు నోటికి రాకపోతే కొట్టు దారి కూడా అక్కడే కూలబడుతుంది. బట్టీ పట్టడం తప్పు, అర్థం చేసుకుంటే చాలు అనేవాళ్ళతో నాకు ఈ ఒక్క విషయంలో పేచీ. రెండొకట్ల రెండు, రెండు రెళ్ళు నాలుగు అని రాగం తీస్తూ అరిచిన అరుపులు ఊరికే పోలేదు, లెక్క మధ్యలో ఆ రాగమే జవాబు అందిస్తుంది. అర్థం కూడా చేసుకోండి, ఎవరొద్దన్నారు.

పావులూ అరలూ వచ్చేసరికి మాత్రం బడి దారి తేలిపోతుంది. కిలో 48 రూపాయలు, ముప్పావు కిలో ఎంత? 48ని 0.75తో హెచ్చవేసి దశాంశ బిందువు వెతుక్కునే కూరగాయలావిణ్ణి నేనింకా చూడలేదు. అరకిలో ఇరవై నాలుగు, పావు పన్నెండు, మొత్తం ముప్పై ఆరు. సగం, సగంలో సగం. మన పాత లెక్కంతా ఇలా నాలుగులూ పదహార్ల మీదే నడిచింది. పావు అంటే నాలుగో వంతు, అందులో మళ్ళీ నాలుగో వంతుని వీసం అంటారు, అంటే పదహారో వంతు. రూపాయికి పదహారణాలు, అణాకి నాలుగు కానులు. ఈ భిన్నాలు రాయడానికి తెలుగులో వేరే గుర్తులే ఉండేవి, ఇప్పటికీ యూనికోడ్‌లో తెలుగు అక్షరాల పట్టిక చివర కనిపిస్తాయి. మా తాతయ్య తరానికి మామూలు ఎక్కాలతో పాటు పావు ఎక్కం, అర ఎక్కం కూడా నోటికొచ్చేవి. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు వచ్చాక ఆ ఎక్కాలకి పని పోయింది, మాటల్లో పదహారణాల తెలుగు మిగిలింది. ముప్పావు మాత్రం తక్కెడ దగ్గర బతికే ఉంది.

వడ్డీ లెక్కా అంతే. బడిలో అసలు ఇంటూ కాలం ఇంటూ రేటు, బై వంద. ఊళ్ళో అయితే "రూపాయిన్నర వడ్డీ" అంటారు, అంటే నూటికి నెలకి రూపాయిన్నర. ఎనభై వేలు ఎనిమిది నెలలకి ఇచ్చారనుకోండి. ఎనభై వేలలో ఎనిమిది వందల నూర్లు, నూటికి రూపాయిన్నర చొప్పున నెలకి పన్నెండొందలు, ఎనిమిది నెలలకి తొమ్మిదివేల ఆరొందలు. సూత్రంలో పెట్టినా అదే జవాబొస్తుంది, కానీ ముందు రూపాయిన్నరని సాలుకి పద్దెనిమిది శాతం చేసి, ఎనిమిది నెలల్ని ఏడాదిలో భాగం చేసి, అప్పుడు మొదలుపెట్టాలి. అయితే కొట్టు దారి ఇక్కడ మనిషిని మోసం కూడా చేస్తుంది, అది చెప్పకపోతే తప్పవుతుంది. "రెండు రూపాయల వడ్డీయేగా" అంటే చిన్నగా వినపడుతుంది. అదే బ్యాంకు భాషలో ఇరవై నాలుగు శాతం. అప్పిచ్చేవాడికి మొదటి మాట ఇష్టం, తీసుకునేవాడు మనసులో ఒకసారి పన్నెండుతో హెచ్చవేసుకుని తీరాలి.

పొలం లెక్కల్లో చూడండి. తెలంగాణలో ఎకరానికి నలభై గుంటలు, గుంటకి 121 గజాలు. ఆంధ్రలో ఎకరానికి వంద సెంట్లు, సెంటుకి 48.4 గజాలు. ఏడు గుంటలంటే ఎన్ని గజాలు? ఏడు నూట ఇరవైలు 840, మిగిలిన ఒక్కో గజం ఏడు, మొత్తం 847. ఐదు సెంట్లు? నలభై ఎనిమిదైదులు రెండొందల నలభై, ఆ పాయింట్ నాలుగులు ఐదు కలిపితే రెండు, 242. బేరం దగ్గర నిలబడి ఇలా టకటకా చెప్పేవాళ్ళని చూసి గొప్ప మేధావులనుకునేవాణ్ణి, ఇప్పుడు తెలిసింది, వాళ్ళు 121ని చూసిన వెంటనే 120గా చూస్తారు, అంతే కిటుకు.

ఈ తేడా మన ఊళ్ళకే పరిమితం కాదు. బ్రెజిల్‌లోని రెసీఫెలో వీధుల్లో అమ్ముకునే ఐదుగురు పిల్లల మీద 1985లో ఒక పరిశోధన వచ్చింది. బండి దగ్గర కొనేవాళ్ళలా వెళ్ళి అడిగితే నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. తర్వాత అవే లెక్కలు ఉత్త అంకెలుగా కాగితం పెన్సిల్‌తో ఇస్తే నూటికి 37 మాత్రమే. కొబ్బరికాయ ముప్పై ఐదు, పది కాయలెంత అంటే ఒక కుర్రాడు పక్కన సున్నా పెట్టలేదు. మూడు కాయలు 105, ఇంకో మూడు 210, అలా పోగేస్తూ 350కి చేరాడు. చుట్టుదారే, కానీ తప్పిపోని దారి. మన దేశంలోనే కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద జరిగిన పరిశోధన 2025లో నేచర్ పత్రికలో వచ్చింది, అందులోనూ అదే: బేరం లెక్కలు గడగడా, పుస్తకం లెక్కల దగ్గర తడబాటు. బజార్లో పనిచేయని బడి పిల్లలకి సరిగ్గా దీనికి తలకిందులు. అంటే ఒక దారి వస్తే రెండోది దానంతట అదే రాదు.

వేద గణితం సంగతేంటి అంటారా. 97ని 96తో హెచ్చవేయాలంటే వందకి ఒకటి మూడు తక్కువ, ఒకటి నాలుగు తక్కువ. 97లోంచి నాలుగు తీస్తే 93, మూడు నాలుగులు పన్నెండు, జవాబు 9312. బాగుంది, నాకూ సరదానే. కానీ ఇది వందకి దగ్గరున్న అంకెలకే నప్పుతుంది, 67 ఇంటూ 43 దగ్గర ఈ ఉపాయం వేస్తే పని పెరుగుతుంది. ఏ అంకెకి ఏ ఉపాయమో గుర్తుపెట్టుకోవడమే ఒక సబ్జెక్టు. పేరులో ఉన్నా వేదాల్లో వెతికితే దొరకదు, 1965లో అచ్చయిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. ఇక అబాకస్. మా అక్క కూతురు గాల్లో వేళ్ళు కదుపుతూ, లేని పూసల్ని జరుపుతూ పది రెండంకెల సంఖ్యల్ని నేను నాలుగోదానికి చేరేలోపు కూడేస్తుంది. నోరెళ్ళబెట్టి చూస్తాను. అదే పిల్లని 650 రూపాయల గౌను మీద ఇరవై శాతం తగ్గింపు పోగా ఎంతే అని అడిగితే దిక్కులు చూసింది. పది శాతం అరవై ఐదు, దానికి రెట్టింపు నూట ముప్పై, 520 ఇస్తే చాలు. చెప్పాక, "ఓ, ఇంతేనా మామయ్యా" అంది. పూసలు వేగాన్నిస్తాయి, దేన్ని దేంతో ఏం చేయాలో చెప్పవు.

ఫోన్ ఉందిగా అని ఎవరైనా అంటే వాదించను, మా మామయ్య కొట్లో కూడా ఇప్పుడు స్కానర్ బొమ్మ అతికించి ఉంది, చిల్లర లెక్కే తగ్గిపోయింది. కాకపోతే ఫోన్ మీరు నొక్కిన అంకెకే జవాబిస్తుంది. ఆ మధ్య ఓ సూపర్‌మార్కెట్‌లో నూనె ప్యాకెట్ రెండుసార్లు బిల్లులో పడింది. బుట్టలో వేస్తున్నప్పుడే నూట అరవైని నూట యాభైగా, 88ని తొంభైగా పోగేసుకుంటూ వచ్చాను కాబట్టి ఎనిమిదొందలు దాటకూడదని తెలుసు, బిల్లు 940 చూపించేసరికి ఆగాను. రూపాయితో సహా కూడి ఉంటే ఆ పని మూడో వస్తువు దగ్గరే మానేసేవాణ్ణి.

కాబట్టి నోట్లో చేసే లెక్కకి నా ఓటు కొట్టు దారికే, అందులో నాకు అనుమానం లేదు. పిల్లలకి కాగితం మీది కూడిక నేర్పే ముందే ఇది నేర్పితే బాగుండుననుకుంటాను, ఎందుకంటే ఒకసారి "చేతిలో ఒకటి" అలవాటైపోతే తర్వాత మానిపించడం కష్టం. నాకైతే నాలుగైదేళ్ళు పట్టింది.

కానీ మామయ్య నెలాఖరున చేసేది కూడా చూశాను. ఖాతా పుస్తకం తెరిచి, ఒక్కొక్కరి పేరు కింద ముప్పై నలభై పద్దులు నిలువుగా ఉంటే, చెవి మీది పెన్సిల్ తీసి, ఒకట్ల వరసలో పై నుంచి కిందికి పెదాలు కదుపుతూ వచ్చి, పదుల వరస నెత్తిన చిన్న అంకె వేసి, అచ్చం మా లెక్కల మాస్టారు చెప్పినట్టే కూడేవాడు. అక్కడ గుండు అంకెలు లేవు, దూకుళ్ళు లేవు. "ఇదేంటి మామయ్యా, ఇప్పుడు బళ్ళోలా చేస్తున్నావు" అంటే మాట్లాడొద్దని చెయ్యి చూపించి, మొత్తం పెన్సిల్‌తో వేసి, ఆ తర్వాత అదే వరసని కింది నుంచి పైకి మళ్ళీ కూడాడు. రెండూ కలిశాక పెన్ను తీసి గీత గీశాడు.