ప్రియురాలి కోసమా, పాత స్నేహితుడి కోసమా?

విజయవాడలో సాయంత్రం పూట పున్నమి ఘాట్ మెట్ల మీద గిటార్ పట్టుకునే కుర్రాళ్లకు బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ పాట ‘విష్ యు వర్ హియర్’ (నువ్విక్కడ ఉంటే బాగుండు) అంటే బ్రేకప్ పాటే. అందులో ఎవరి పేరూ లేదు కాబట్టి ఎవరి బాధ వాళ్లు పెట్టుకోవచ్చు. తప్పేం లేదు.

రెండో అర్థానికి, అంటే ఇది దూరమైన పాత స్నేహితుడి కోసం పాడిన పాట అనుకోవడానికి మాత్రం చరిత్ర తోడుంది. మొదట్లో బ్యాండ్‌ను నడిపించిన సిడ్ బారెట్ మానసికంగా దెబ్బతిని 1968లో దూరమయ్యాడు. 1975లో ఈ పాట ఉన్న ఆల్బమ్ రికార్డింగ్ జరుగుతుంటే చెప్పాపెట్టకుండా స్టూడియోకి వచ్చాడు. గుండు, గీసేసిన కనుబొమలు, బాగా లావెక్కిన ఒళ్లు. ఒకప్పుడు కలిసి వాయించినవాళ్లే వెంటనే గుర్తుపట్టలేకపోయారు!

పాట మొదలు మళ్లీ వినండి. రేడియో స్టేషన్లు మారుతున్న చప్పుడు, అందులోంచి వస్తున్నట్టు సన్నగా ఒక గిటార్, తర్వాత గదిలో కూర్చుని ఎవరో దానికి జత కలిపినట్టు ఇంకో గిటార్. ఒకటి దూరంగా, ఒకటి దగ్గరగా. ప్రేమపాటగా వింటే ఇది అందమైన అలంకారం, అంతే. బారెట్ పాటగా వింటే మాటలు రాకముందే కథ సగం తెలిసిపోతుంది. నా ఓటు దీనికే. కాకపోతే కొత్తగా బ్రేకప్ అయినవాడితో ఈ వాదన పెట్టుకోను.